ఏ కాలు?

గడప ముందు ఊడ్చేటప్పుడు అత్త చెప్పులను చీపురు కొసతో పక్కకు నెట్టడం ప్రమోదకు అలవాటు. ఆ సోమవారం పొద్దునా నెట్టింది. ఎడమ చెప్పు పట్టీ మధ్యకు బ్లేడుతో కోసి ఉంది. రెండు కొసలనూ మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర పట్టుదారంతో వదులుగా కట్టి ఉంది. కొత్త జత కొనుక్కోవడానికి కూడా ఈమెకు మనసొప్పదు అనుకుని, చెత్త ఎత్తి లోపలికి పోయింది.

ధర్మవరంలో ఆ వీధి పొడవునా మగ్గాల చప్పుడే. అత్త రామాంజినమ్మ మగ్గం నడవలో ఉంది. తెల్లవారి ఐదింటికి మగ్గం కింది గుంతలోకి కాళ్లు దించిందంటే, వంటకని ఒకసారి, అంట్లకని ఒకసారి తప్ప పైకి తీయదు. కోడలు మాత్రం గది తలుపేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. బెంగుళూరు కంపెనీకి ఇంటినుంచే మెడికల్ కోడింగ్ పని. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి రాసుకున్న కాగితాలు చదివి, ఒక్కో జబ్బుకు ఒక్కో కోడ్ వేయాలి. ఆ తలుపు వేసుకోగలగడం తన చదువు గొప్పే అనుకునేది చాలాకాలం. బయట ఇంకో ఆడమనిషి పొయ్యి దగ్గర నిలబడితేనే అది మూసుకుంటుందని తెలుసు. తెలియనట్టు ఉండటం సుఖంగా ఉండేది. మొగుడు చంద్రశేఖర్‌ది రెండు నాలుకల లెక్క. తల్లితో, "దాని జీతం వస్తాంది గదమ్మా, రెండు ముద్దలు నువ్వే ఉడకేయరాదా" అంటాడు. పెళ్లాంతో, "మాయమ్మ నిలబడి వండితే, నువ్వు కూచోని ఉద్యోగం చేస్తాండావు" అంటాడు. ఇద్దరూ ఒకరికొకరు బాకీ పడ్డట్టుంటారు. ఆయన మాత్రం ఎవరికీ ఏ బాకీ పడడు.

ఆ మధ్యాహ్నం ప్రమోద ముందుకొచ్చిన నాలుగో కాగితం అరవై రెండేళ్ల ఆడమనిషిది. కాలు వాపు అని ఉంది. ఏ కాలో డాక్టరు రాయలేదు. చేరిన కొత్తల్లో ఇలాంటిదానికే ప్రమోద రెండు కాళ్లూ అని ఊహించి కోడ్ వేసింది. టీమ్ లీడర్ మంజులత ఫోన్లోనే కడిగేసింది. "నువ్వు ఆయమ్మ కాలు చూసినావా? చూడంది రాయొద్దు. డాక్టర్నడుగు. రెండు కాళ్లూ వాస్తే గుండో, కిడ్నీనో చూస్తారు. ఒక కాలే వాసిందంటే నరంలో రక్తం గడ్డకట్టిందేమో అని పరిగెత్తాల. నువ్వు తప్పేస్తే వాళ్లు తప్పుదోవలో పోతారు." ఆనాటినుంచి ప్రమోద ఒక్కసారీ ఊహించి రాయలేదు. ఇప్పుడూ డాక్టరుకు ప్రశ్న టైపు చేసింది. ఎడమ కాలా, కుడి కాలా, రెండూనా?

పంపబోతున్న వేలు ఆగిపోయింది.

పది రోజుల కిందట అత్తను ఊళ్లోనే ఒక క్లినిక్‌కు తీసుకుపోయారు. చీటీ నింపమని పెన్ను ప్రమోద చేతికిచ్చారు. "రెండు కాళ్లూ వాచినాయని రాయి. మగ్గం తొక్కేవాళ్లకు మామూలే" అన్నాడు చంద్రశేఖర్. రెండు గంటలకు ఆమె డ్యూటీలో ఉండాలి. గడియారం చూసుకుంటూ అలాగే రాసింది. డాక్టరు చీటీ చూశాడు, కుర్చీలోంచి లేవకుండానే దాని కిందే నీరు దిగే మాత్రలు రాశాడు. అత్త చీర కుచ్చెళ్లు నేలను తాకుతున్నాయి. ఎవరూ ఎత్తలేదు. ఎక్కడో ఏడు సముద్రాల అవతలి ఆడమనిషి కాలు ఏదో తెలియకుండా కోడ్ వేయని మనిషి, మూరెడు దూరంలో ఉన్న కాలును అడగలేదు.

కోసిన చెప్పు ఒక్కటే. ఎడమది. కుడిదానికి గీత కూడా పడలేదు.

ఆమె నడవలోకి పరిగెత్తింది.

"అత్తా, కాళ్లు పైకి తియ్యి."

"ఉండు, పోగు తెగింది."

"ఏ కాలు వాసింది నీకు?"

"ఏ కాలైతే ఏమ్మే, రెండూ నావే గదా" అని నవ్వింది రామాంజినమ్మ.

ప్రమోద గుంత పక్కన కూలబడి, తనే ఆ కాళ్లు పైకి తీసి చీర ఎత్తింది. కుడి కాలు ఎండిన కట్టెలా ఉంది. ఎడమ పిక్క బిగిసి, నున్నగా మెరుస్తోంది, చెయ్యి పెడితే వేడి. వేలితో అదిమితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్లనుంచి?"

"మూడు వారాలుంటాది."

"నాతో ఎందుకు చెప్పలా?"

"నువ్వు తలుపేసుకోనుంటివి. కొడితే పని చెడిపోతాదంటివి గదా."

"ఆ పొద్దు క్లినిక్‌లో చెప్పొచ్చు గదా!"

"నువ్వు రాస్తాంటివి. చదువుకున్నదానివి, సరిగానే రాసింటావనుకుంటి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ప్రమోదకు.

ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో డ్యూటీకి ఆ రోజు సెలవు పెట్టి పడుకున్న చంద్రశేఖర్ కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "ఇప్పుడేమి తొందర? మగ్గం మీది చీర నేసి కోసినాక పోదాము. రెండు రోజుల పని ఉండాది."

"చీర నువ్వు నెయ్యి" అంది ప్రమోద.

పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన ఆ గొంతు వినలేదు. చొక్కా వేసుకున్నాడు. మంజులతకు ఫోన్ చేస్తే, "ఈ నెల టార్గెట్ పోతాదే, ప్రమోదా" అంది. "పోనీక్కా" అని పెట్టేసింది.

హిందూపురంలో నరాల స్కానింగ్ చేసే ఆస్పత్రి ఉంది. కారు పెనుకొండ దాటేదాకా అత్త ఎడమ కాలు ప్రమోద ఒడిలోనే ఉంది. తీసేయమని ఆమె సిగ్గుతో గింజుకుంటూనే ఉంది. "కోడలి మీద కాలేమ్మే, పాపం గదా." ప్రమోద ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఇంకాస్త దగ్గరకు తీసుకుంది.

అక్కడ నర్సు కాలు చూడగానే స్ట్రెచర్ కోసం కేకేసింది. "పాత చీటీ ఉంటే ఇవ్వండి."

"అది పారెయ్. కొత్తది రాయించుకుందాము" అని గొణిగాడు చంద్రశేఖర్.

ప్రమోద పారేయలేదు. ఆమె పనిలో తప్పు రాతను చెరిపేయకూడదు, కొట్టేసి కనపడకుండా చేయకూడదు. కింద ఏముందో చదవగలిగేలా ఒకే గీత గీసి, సరైనది రాసి, దిద్దినవాళ్లు సంతకం పెట్టాలి. 'రెండు కాళ్లూ' అన్న మాటల మీద ఆమె ఒక గీత గీసింది. పక్కన రాసింది: ఎడమ కాలు, మూడు వారాలుగా. తేదీ వేసింది.

"ముందు తప్పు రాసిందెవరమ్మా?" అంది నర్సు.

"ఆ డాక్టరే మేడం" అన్నాడు చంద్రశేఖర్.

"కాదు, నేనే. ఆమెను అడక్కుండా రాసినాను" అంది ప్రమోద. గీత పక్కన సంతకం పెట్టి, చీటీ నర్సు చేతికిచ్చింది.