బొట్టు పెట్టిన తుపాకి

అందరూ చూస్తుండగానే స్వామి మోకాలు విరగ్గొట్టారు. ఇంటికి పోతాను, నా పాస్‌పోర్టు నాకివ్వండని అడగడమే అతను చేసిన నేరం. కఫీల్, అంటే వాళ్లందరినీ తెచ్చుకున్న యజమాని, జీపులో నలుగురిని పంపాడు. సౌదీలోని ఖమీస్ ముషైత్ ఊరి బయట, రేకుల షెడ్ల ముందు, పట్టపగలు ఇనుప కడ్డీతో కొట్టించాడు. నలభై మంది మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో భోజన్న ఒకడు. స్వామిది అతని ఊరే. భోజన్న మాట నమ్మే స్వామి సముద్రం దాటాడు.

ప్రతి శుక్రవారం వస్తామని చెప్పి పోయారు జీపువాళ్లు. అన్నంత పనీ చేశారు. వచ్చినప్పుడల్లా ఎవడో ఒకడి వీపు పగిలేది.

"ఇంకెన్నడు లేస్తరే మీరు?" అని గద్దించాడు మొండయ్య. జగిత్యాల దిక్కున రైతుకూలీ సంఘంలో తిరిగి, పోలీసుల కంటపడకుండా దేశం దాటిన మనిషి. "ఊళ్లె దొర గడీ మీదికి పోయిననాడు మొదలు ఏం గుంజుకున్నం? తుపాకే గద! అది ఉన్నన్ని దినాలే వాడు దొర."

తుపాకి తెచ్చిందీ అతనే. గల్ఫ్ యుద్ధం ముగిశాక యెమెన్‌కు మళ్లిపోతున్న తోటమాలి ఒకడు, పండ్ల తోటల్లో కోతుల్ని బెదరగొట్టే పాత తుపాకిని మొండయ్య టేప్‌రికార్డరుకు మారకం ఇచ్చేశాడు. అది షెడ్లోకి రాగానే పొయ్యి మీది అన్నం సంగతి కూడా ఎవరికీ పట్టలేదు.

"ఇది మీ జగిత్యాల గాదు, మొండయ్యా," అన్నాడు ఖలందర్. వాళ్లను పనికి తీసుకుపోయే బస్సు డ్రైవరు, హైదరాబాదీ. "పర్దేశీ చేతుల బందూక్ కనవడితే ఇక్కడ తలకాయలే పోతయి. బెర్మన్ సాబ్ ఏం చెప్పిండో యాది లేదా?"

"యాదున్నది కాబట్టే తెచ్చిన!"

బెర్మన్ అమెరికా సిపాయి. యుద్ధం నడిచినన్నాళ్లూ విమానాల స్థావరం వంటశాలలో భోజన్న, మొండయ్య అంట్లు తోమారు. ఒక శుక్రవారం సాయంత్రం బియ్యం బస్తాల చాటున బెర్మన్ రొట్టె ముందు పెట్టుకుని ప్రార్థన గొణుక్కుంటూ భోజన్న కంటపడ్డాడు. యూదుడు. ఈ దేశంలో ఆ మాట పైకి అనకూడదు. బెర్మన్ గబుక్కున రొట్టె దాచాడు. భోజన్న తన చొక్కా లోపల కుట్టుకున్న వేములవాడ రాజన్న పటం చూపించాడు. అదీ ఇక్కడ బయటపడకూడనిదే. ఆనాటి నుంచి ఇద్దరికీ దోస్తీ. ఖలందర్ నడుమ ఉండి మాటలు కలిపేవాడు.

బెర్మన్ తాత ఊళ్లో యూదుల ఇళ్ల మీదికి గుంపులు పడేవట. ఆ వీధి కుర్రాళ్లు కూడబలుక్కుని తుపాకులు కొని గల్లీ మొదట్లో కాపలా నిలబడ్డారు. ఆ వీధి మిగిలింది. పక్క వీధి మిగల్లేదు. "తర్వాతేమైంది?" అని భోజన్న అడిగాడు. తర్వాత సైన్యం వచ్చిందట. గుంపుల్ని తరమడానికి కాదు, తుపాకులు లాక్కోవడానికి.

మొండయ్య ఆ కథలో మొదటి సగం పట్టుకున్నాడు. ఖలందర్ రెండో సగం పట్టుకున్నాడు. భోజన్నకు రెండూ మింగుడు పడలేదు. కానీ మూలన చాప మీద స్వామి మూలుగుతున్నాడు. పేదవాడి దగ్గర కర్ర ఉంటేనే దౌర్జన్యమని లోకం గగ్గోలు పెడుతుంది, వాడి కాలు విరిగితే మాత్రం ఎవడికీ చెవులు వినపడవు.

"ఉండనియ్యుండ్రి," అన్నాడు భోజన్న. షెడ్డంతా అదే మాట అంది.

దసరా శుక్రవారం నాడే వచ్చింది. పారలు, తాపీలు, గడ్డపారలు కడిగి వరసగా పేర్చారు. పచ్చడి సీసాలో దాచి తెచ్చుకున్న కుంకుమతో ఒక్కొక్క దానికీ భోజన్న బొట్టు పెడుతూ వచ్చాడు. చివర తుపాకి ఉంది.

"దానికొద్దు భాయ్," అన్నాడు ఖలందర్.

"మనల కాసేదాన్ని ముండమోపి లెక్క ఉట్టిగ ఉంచుతమా?" అని భోజన్న దాని కర్ర పిడి మీద పసుపు రాసి, నిండుగా బొట్టు పెట్టాడు.

ఆ పూటే జీపు వచ్చింది. మొండయ్య తుపాకి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వెనక నలభై మంది పారలెత్తారు. జీపువాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వచ్చిన దారినే మళ్లారు. ఒక్క గుండు పేలలేదు. షెడ్డంతా ఈలలు, నవ్వులు. స్వామి కూడా నవ్వాడు. వాళ్లకు దక్కిన గెలుపంతా అదే.

మర్నాడు పోలీసులు వచ్చారు. వీళ్లు రాత్రి ఇసుకలో పాతిన తుపాకిని తవ్వి తీశారు. తోటమాలి పారేసి పోయిందని బొంకుదామని ముందే అనుకున్నారు. ఖలందర్ అరబ్బీలో అలాగే చెప్పాడు కూడా. అధికారి తుపాకి తిప్పి చూశాడు. పిడి నిండా పసుపు, మధ్యలో ఎర్రటి బొట్టు. ఇక ఏ అబద్ధమూ నిలవలేదు.

"తుపాకి నాది," అన్నాడు మొండయ్య.

"బొట్టు నేను వెట్టిన," అన్నాడు భోజన్న.

అధికారికి ఆ తేడాలతో పనిలేదు. స్వామిని తప్ప అందరినీ చేతులు కట్టి ట్రక్కెక్కించారు. ఖలందర్‌ను మాత్రం ముస్లింవి, నువ్వు పో అన్నారు. అతను బస్సు తాళాలు ఇసుకలో పడేసి ట్రక్కెక్కాడు.

"నువ్వెందుకు భాయ్? సచ్చుడే గద ఇది," అన్నాడు భోజన్న.

"తెలుసు. మీకు అరబ్బీ రాదు. ఒక్కడన్న చెప్పాలె గదా."

"అయితే స్వామి సంగతి చెప్పు. ముందు కొట్టింది కఫీల్ మనుషులేనని చెప్పు."

ఖలందర్ పోలీసు వైపు తిరిగి మొదలుపెట్టాడు. ఆ మాటల్లో భోజన్నకు స్వామి పేరు ఒక్కటే తెలిసింది. పోలీసు తుపాకి మడమ ఖలందర్ మూతి మీద పడింది. నెత్తురు కక్కుతూ అతను ఆగిపోయాడు.

ఆగిన చోట భోజన్న అందుకున్నాడు. అతనికి వచ్చింది ఆ ఒక్క మాటే. "స్వామి!" అని అరిచాడు. మొండయ్య అరిచాడు. ట్రక్కంతా అరిచింది. పోలీసులకు అదేమిటో అర్థం కాలేదు. కొట్టారు. అయినా ఖమీస్ బజారు దాటేదాకా, దుకాణాల్లోని కూలీలందరూ బయటికొచ్చి చూసేదాకా, ఆ పేరు ఆగలేదు.