తల ఊపగానే కూర్చున్నాడు

అయినా తల ఊపాక కూర్చోక ఏం చేస్తాడు? వకీలుగా ముప్ఫై ఏళ్ల కోర్టు అలవాటు. జడ్జి తల ఊపాడంటే కేసు దారికొచ్చినట్టే. ఆపైన నోరు విప్పితే చేతికొచ్చింది చేజార్చుకున్నట్టే. తన జూనియర్లకు తాను నేర్పిన మొదటి పాఠం అదే.

నిన్న పార్లమెంటులోనూ, ఇచ్చిన ఐదు నిమిషాల్లో రెండైనా కాకముందే స్పీకర్ తల ఊపడం చూసి, నమస్కారం పెట్టి కూర్చున్నాడు. అది 'కానివ్వండి' అనడమని, సవరణ ప్రతిపాదిస్తున్నానన్న ముక్క తాను అననేలేదని పక్క సభ్యుడు మోచేత్తో పొడిస్తేగానీ తెలియలేదు. అప్పటికే మైకు మరొకరికి వెళ్లిపోయింది.

అద్దె ఇల్లు ఖాళీ చేయించాలంటే మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ ఒక్క వాక్యాన్ని చట్టంలో ఎక్కించడానికే నల్లకోటు విప్పి ఎన్నికల్లో నిలబడ్డాడు. ఫోన్లో సంగతి విని భార్య పకపకా నవ్వింది.

"ఇంట్లో నేను ఎన్నిసార్లు తల ఊపినా ఆగలేదు కదండీ మీరు!"

ఈ రోజు ఆ అద్దె ఇళ్ల బిల్లుపై మాట్లాడాల్సింది ఇంకొక్కరే. ఆమె పేరుతో మధ్యాహ్నం రెండింటిలోగా ఇస్తే సవరణ తీసుకుంటామన్నారు పార్లమెంటు ఆఫీసులో. ఆమె అవతలి పార్టీ మనిషి. అంతకుముందు ఇరవై ఏళ్లు అదే కోర్టులో అవతలి పక్షం వకీలు. క్యాంటీన్‌లో ఆమె ఎదుట కుర్చీ లాక్కుని కూర్చునేసరికి ఒకటిన్నర దాటింది.

"మీ నోరు మూయించాలని నేను పడని పాట్లు లేవు, అన్నగారూ! స్పీకర్ గారు ఉత్తినే తల ఊపి మూయించేశారు."

"ఎగతాళి తర్వాత చేద్దువుగాని. ఇది చదువమ్మా."

తన ముందుకు జరిపిన సవరణ కాగితాన్ని ఆమె చదివింది. నవ్వు ఆగిపోయింది.

"బాగుంది. కానీ నా పేరే పడుతుంది. రేపు ఊరంతా నాదే అంటారు. మీకు కష్టంగా ఉండదా?"

ఉంటుంది. ఎంత ఉంటుందో ఇప్పుడే తెలుస్తోంది. ఆ వాక్యం కింద తన పేరును రాత్రుళ్లు ఎన్నిసార్లు ఊహించుకున్నాడో తనకే తెలుసు. ఇన్నాళ్లూ తనకు కావలసింది ఆ వాక్యమా, దాని కింద పేరా? జవాబు వెతకడానికి వ్యవధి లేదు. ఇరవై నిమిషాలే ఉన్నాయి.

పెన్ను తీశాడు. తన పేరు కొట్టేసి, దాని పైన ఆమె పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రని అక్షరాలతో రాశాడు.