ప్రీఆంప్లిఫయర్ చుట్టిన తువ్వాలు

మా హాల్లో సోఫా ఉండాల్సిన చోట స్టీరియో ఉండేది. మా స్టీరియో అని చెప్పుకోవడానికి లేదు. అందులో సగమే మాది.

చిక్కడపల్లిలో మా ఆయన జగన్మోహన్, అశోక్‌నగర్‌లో ఆయన స్నేహితుడు శ్రీరామమూర్తిగారు కలిసి సొంతంగా స్టీరియో కట్టాలని తీర్మానించుకున్నారు. ఒకరిది కరెంటు ఆఫీసు, ఒకరిది పీడబ్ల్యూడీ. ప్రీఆంప్లిఫయర్ మూర్తిగారి వంతు. అంటే రికార్డు మీద ముల్లు తీసిన సన్నని ధ్వనిని కాస్త పెంచి, బాసూ ట్రెబులూ సర్ది పంపే పెట్టె. దాన్ని అందుకుని స్పీకర్లు పలికేలా చేసే పవర్ ఆంప్లిఫయర్ మా ఆయన వంతు. మూర్తిగారు వాల్వులతో కట్టారు, మా ఆయన ట్రాన్సిస్టర్లతో. దేనితో కడుతున్నావని ఒకరినొకరు అడగలేదు. అడిగితే ఎదుటివాళ్ల తెలివిని శంకించినట్టవుతుందని ఇద్దరికీ మొహమాటం.

ఈ స్టీరియో వల్ల నాకు ఒరిగింది ఒక్కటే, మూర్తిగారి భార్య బాలత్రిపురసుందరి. ఆదివారం మగవాళ్లు పెట్టెల ముందు కూర్చుంటే మేము వంటింట్లో కూర్చునేవాళ్లం. ఆమెది తెనాలి వైపు, నాది ఇక్కడే. నన్ను వదినగారూ అని పిలిచేది. నాకు అక్కాచెల్లెళ్లు లేరు. వారమంతా నేను ఎవరితోనూ మాట్లాడని మాటలు ఆమె కోసం దాచుకునేదాన్ని.

రెండు పెట్టెలూ కలిపిన రోజు వీణ కచేరీ రికార్డు పెట్టారు. వీణ ఎక్కడో రెండు పేటల అవతల అడిక్‌మెట్‌లో మోగుతున్నట్టు వినిపించింది. మృదంగం అసలు రాలేదు. నాబ్ చివరిదాకా తిప్పినా అంతే. విడిగా చూస్తే రెండూ భేషుగ్గా పని చేస్తాయి, కలిస్తేనే ఈ నీరసం. ట్రాన్సిస్టరు అడిగినంత కరెంటు వాల్వు ఇవ్వలేదట. ఇవ్వడం దాని స్వభావం కాదట, అడగకుండా ఉండడం దీని స్వభావం కాదట. ఈ పొసగకపోవడానికి పేరు ఇంపీడెన్సు తేడా అట. ఇందులో ఎవరి తప్పూ లేదు. అందుకని తప్పు ఎవరిదో తేల్చడానికి కూర్చున్నారు.

"లోపం నాదేనండి," అన్నారు మూర్తిగారు.

"అయ్యో, మీదెట్లయితది? నాదే," అన్నారు మా ఆయన.

"కాదండీ, నాదే."

"గట్ల అనకుండ్రి, నాదే."

చాయ్‌లు అయ్యాయి, మళ్లీ చాయ్‌లు అయ్యాయి. మా ఊళ్లో దీనికో పద్ధతి ఉంది. ఎదుటివాడు తప్పు నాదంటే, కాదు నాదనాలి. అతను అలిసిపోయేదాకా అనాలి. ఆ రోజు మా ఆయనే ముందు అలిసిపోయారు.

"సరే తియ్యుండ్రి. మీదే కావచ్చు."

మూర్తిగారు లేచారు. ప్రీఆంప్లిఫయర్‌ను తువ్వాలులో చుట్టుకుని, సుందరిని పిలిచి, రిక్షా ఎక్కారు. వంటింట్లో ఆమె చాయ్ సగం మిగిలిపోయింది.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. బడులు మూసేశారు. నారాయణగూడ చౌరస్తాలో రాళ్లు పడుతున్నాయి, బాష్పవాయువుకి కళ్లు మండుతున్నాయి. ఆంధ్రావాళ్లూ తెలంగాణవాళ్లూ పలకరించుకోవడం తగ్గింది. కాబట్టి మా వాడకట్టంతా వాళ్లిద్దరూ ఉద్యోగాలు స్థానికులకేననే ముల్కీ గొడవ మీద విడిపోయారని నమ్మింది. ఎదురింటి రాఘవేందర్ వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మస్తు పని చేసినవన్నా. మొఖం మీదనే చెప్పినవంట గదా."

"అది గాదు రాఘవేందర్, ఇంపీడెన్సు..."

"ఏదైతేంది? చెప్పుడు ముఖ్యం."

అశోక్‌నగర్‌లో మూర్తిగారి చెయ్యి ఊపేవాళ్లూ తక్కువ కాదట. ఈ సంగతి నారాయణగూడ మార్కెట్లో వంకాయల దగ్గర సుందరి చెప్పింది.

"మావారు గుంటూరు బదిలీకి ప్రయత్నిస్తున్నారు, వదినగారూ. వెళ్లిపోదామంటున్నారు."

"గొడవలకు భయపడుతున్నరా?"

"గొడవలకి కాదండీ. మీదే కావచ్చు అన్నారని."

నాకు ఏడుపు ఆగలేదు. వంకాయలమ్మే నర్సింహమ్మ నేను ధర విని ఏడుస్తున్నాననుకుని తగ్గించింది. కళ్లు తుడుచుకుని, అక్కడే నిలబడి, సుందరీ నేనూ ఒక మాట అనుకున్నాం.

ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆయనతో అన్నాను. "మూర్తిగారు తప్పంత తనదేనని కుములుతున్నరంట."

మా ఆయన ముద్ద కలపడం ఆపారు. "పాపం, ఆయనదేముంది? నాదే."

అశోక్‌నగర్‌లో సుందరి ఇదే అబద్ధాన్ని తిరగేసి వడ్డించింది. అక్కడా ఇదే జవాబు. అబద్ధాలు రెండూ బాగా పని చేశాయి. మరీ బాగా పని చేశాయి.

మా ఆయన ఎవరికీ చెప్పకుండా తన పెట్టె విప్పి, ఎంత బలహీనమైన ధ్వనినైనా అందుకునేలా ముందర ఇంకో ట్రాన్సిస్టరు కలిపారు. మూర్తిగారు ఎవరికీ చెప్పకుండా తన పెట్టె విప్పి, ఎంత మొండి ట్రాన్సిస్టరుకైనా చాలేలా ఇంకో వాల్వు బిగించారు. చెబితే చేసిన మేలు చాటుకున్నట్టవుతుంది కదా. ఇద్దరూ మర్యాదస్తులు.

ఊరు కాస్త చల్లబడ్డాక, ఒక ఆదివారం మూర్తిగారు తువ్వాలు మూటతో వచ్చారు. వెనకే సుందరి వచ్చి తిన్నగా వంటింట్లోకి నడిచింది. హాల్లో వైర్లు కలిపారు. పోయినసారి నాబ్ చివరిదాకా తిప్పినా వినపడలేదు గనక, ఈసారి చివరి నుంచే మొదలుపెట్టారు.

మృదంగం వచ్చింది. ఒక్క దెబ్బే వచ్చింది. వీధిలో తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి. "ఫైరింగ్! లోపలికి పోండ్రి!" అని రాఘవేందర్ అరుస్తున్నాడు. మా రెండు స్పీకర్లలో ధ్వనికి అదిరే కాగితాలూ అడ్డంగా చిరిగిపోయాయి.

సుందరీ నేనూ వంటింటి గుమ్మంలోకి పరిగెత్తాం. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తప్పు నాదేనండి," అన్నారు మూర్తిగారు. "ఒక వాల్వు ఎక్కువ వేశాను."

మా ఆయన చిరిగిన కాగితాన్ని వేలితో ముట్టి చూస్తున్నారు. బొంబాయి నుంచి తెప్పించుకున్న స్పీకర్లవి. ఆయన మొహం అప్పుడే అలిసిపోయినట్టుంది. ఇంకొక్కసారి మీదే కావచ్చు అన్నారంటే సుందరి గుంటూరు వెళ్లిపోతుంది.

"మీదెట్లయితది మూర్తిగారు?" అన్నారు మా ఆయన. "నేను గూడ ఒకటి ఎక్కువేసిన. నాదే."

"కాదండీ, నాదే."

సుందరి నా చెయ్యి వదిలి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నేను వేసింది తీసేస్తానండి," అన్నారు మూర్తిగారు.

"మీరెందుకు? నాది నేను తీస్త."

"పోనీ ఇద్దరం తీసేద్దాం."

"ఇద్దరు తియ్యకుండ్రి!" అని అరిచాను. "మళ్ల మొదటికొస్తది. ఒక్కలే తియ్యుండ్రి."

ఆ ఒక్కరూ నేనంటే నేనని మళ్లీ మొదలుపెట్టారు. సుందరి నా చెవి దగ్గరకు వంగింది.

"ఎవరో ఒకరు తీసేస్తే కుదిరిపోతుందా, వదినగారూ?"

"కుదురుతది."

"కుదిరిపోయాక మేమింక దేనికొస్తాం?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. హాల్లోకి వెళ్లి, అతుకులు ఊడదీయడానికని వాళ్లు పెట్టిన సోల్డరింగ్ ఐరన్ అప్పుడే వేడెక్కుతుంటే, దాని ప్లగ్గు పీకేశాను.

"అన్నాలకు లేవుండ్రి. ఎవరు తియ్యాల్నో వచ్చే ఆదివారం చూసుకుందురు."

మూర్తిగారు కాళ్లూ చేతులూ కడుక్కుని, పెట్టె చుట్టి తెచ్చిన తువ్వాలుతోనే తుడుచుకున్నారు. తడిసిందని దాన్ని మా దండెం మీద ఆరేశారు. వెళ్లేటప్పుడు తీసుకెళ్లలేదు.