ఛాయాదేవి ముందే పోయింది

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, రెండో అంతస్తులో ఉంది ఆ ట్రావెల్స్ ఆఫీసు. లిఫ్టు లేదు. పంజాగుట్ట నుంచి నడిచే వచ్చిన హనుమత్ప్రసాద్ గారు మెట్లెక్కి కుర్చీలో కూలబడగానే, కౌంటర్లో ఉన్న దివ్యశ్రీ ఏమీ అడగకుండానే టేబుల్ ఫ్యాను ఆయన వైపు తిప్పింది. ఆ గాలికే ఆయన ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం ఎడారికి ప్రయాణం. జైసల్మేర్ అవతల ఇసుక తిన్నెల మీద గైడుతో రెండు రోజులు జీపుల్లో తిరగడం, మూడో రోజు గుహలోకి దూరడం. ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పిన మనిషాయన. నల్లబల్ల మీద సుద్దముక్కతో బోలెడు గుహలు గీశారు, ఒక్కదాంట్లోనూ అడుగు పెట్టలేదు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు మాట వింటున్నప్పుడే ఆ ముచ్చట తీర్చుకోవాలని పంతం పట్టారు.

"సార్, మీ ఇద్దరి ఆధార్ కాపీలు కావాలె," అంది దివ్యశ్రీ. "ఆంటీ మనకు జోధ్‌పూర్ల కలుస్తదా, జైసల్మేర్లనా?"

"ఏ ఆంటీ అమ్మా?"

"మీ మేడం, సార్. మేడం సుత వస్తదా అని ఫోన్ల అడిగితే మీరే అన్నరు కద, ఛాయాదేవి నాకన్నా ముందే పోయింది అని. గందుకే రెండు సీట్లు రాసిన."

హనుమత్ప్రసాద్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మా కాకినాడ వైపు పోయిందంటే చనిపోయిందని, తల్లీ. మూడేళ్ళయింది."

దివ్యశ్రీ నాలుక కరుచుకుంది. "అయ్యో సార్! పోయిందంటే ఊరికి పోయిందనుకున్న."

"బాధపడకు. నీ మాటలో అయితే ఆవిడ ఎక్కడో రైల్లో కూర్చున్నట్టుంది. బాగుంది."

లోపలి గదిలోంచి యజమాని విజయేందర్ వచ్చాడు. అంతా విన్నట్టున్నాడు.

"పెద్దోళ్ళు, ఏమనుకోకుండ్రి సార్. అరవై అయిదు దాటినోళ్ళను ఇంటోళ్ళు లేకుండ తీస్కపోం. గది నా రూల్. మేడం వస్తదనే మీకు సీటిచ్చినం. వచ్చే నెల యాదగిరిగుట్టకు ఏసీ బస్సున్నది, మస్తుగుంటది. అండ్ల రాస్త."

"గుట్టలు బయటినుంచి చాలా చూశాను నాయనా. నాకు లోపల చూడాలనుంది."

"జిద్దు చేయకుండ్రి. గుహల ఇరుక్కుంటే ఎట్ల?"

"మా ఆవిడుంటే నన్ను లాగేదా? ఆవిడకి ఇసుకంటే చిరాకు. బీచికి తీసుకెళ్తే రోడ్డు మీదే నిలబడేది. బతికున్నా నేనొక్కణ్ణే వచ్చేవాణ్ణి. ఇంతకీ ఆ గుహ దారి ఎంత ఎత్తు?"

"రెండడుగులు. పదిహేనడుగులు పాకాలె."

గోడ వారగా మూడు బల్లలు వరసగా ఉన్నాయి. హనుమత్ప్రసాద్ గారు జేబులో పెన్ను, కళ్ళజోడు దివ్యశ్రీ చేతికిచ్చారు. మోకాళ్ళ మీద వంగారు. మొదటి బల్ల కింద దూరారు.

"సార్! గిదేం పని సార్? జర లేవుండ్రి!" విజయేందర్ కంగారుపడ్డాడు.

లోపల చీకటి, దుమ్ము. రెండో బల్ల కింద కంప్యూటర్ వైర్లు మెడకి అడ్డం పడ్డాయి. ఎలాగా అనుకునేలోపు పక్కనుంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి వాటిని పైకెత్తి పట్టుకుంది. ఆయన దాని కిందుగా పాకారు. ఎడమ మోకాలు కలుక్కుమంది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ కదిలారు. అరచేతికి చల్లగా ఏదో తగిలింది.

మూడో బల్ల అవతల లేచి నిలబడి, పిడికిలి విప్పారు. "ఇదెవరిదమ్మా?"

"నా చెవి కమ్మ!" దివ్యశ్రీ దాదాపు అరిచింది. "దసరాకు పోయింది సార్!"

"చూశావా, పోయినవన్నీ ఒకే రకంగా పోవు." ఆయన విజయేందర్ వైపు తిరిగారు. "ఇరుక్కోలేదు నాయనా. చాలదంటే మళ్ళీ అటునుంచి ఇటు పాకుతాను."

"వద్దు సార్, వద్దు!" విజయేందర్ బల్లల వంక, ఆయన వంక మార్చి మార్చి చూసి, నవ్వాపుకోలేకపోయాడు. "గైడు పక్కపొంటే ఉండాలె మరి. ఆయన ఆగుమంటే ఆగాలె."

"ఆగుతాను. గైడు ఆగమంటే ఆగుతాను, నా వయసు ఆగమంటే మాత్రం ఆగను."

దివ్యశ్రీ కంప్యూటర్ ముందు కూర్చుంది. వేలు మీట మీద పెట్టి, నొక్కకుండా ఆగింది. "ఛాయాదేవి మేడం పేరు తీసెయ్యాల్నా సార్?"

"తీసెయ్యమ్మా. ఆవిడకి ఇసుక పడదు."

హనుమత్ప్రసాద్ గారు పెన్ను, కళ్ళజోడు తీసుకుని, మెట్లు దిగి పంజాగుట్ట వైపు నడిచారు. దారిలో ఇద్దరు ముగ్గురు ఆయన ప్యాంటు వంక చూశారు. ఇల్లు చేరేదాకా మోకాళ్ళ దుమ్ము దులుపుకోలేదాయన.