నడుం నొప్పి తగ్గిన నెలలు

మనిషి బరువు తూకంలో ఒకలా ఉంటుంది, చేతుల్లో ఇంకోలా ఉంటుంది. డెబ్బై ఆరు కిలోల మొగుణ్ణి రోజుకు ఏడుసార్లు ఎత్తి దించే ఆడదానికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మరుగుదొడ్లోని స్టూలు మీదికి, అక్కణ్ణుంచి స్నానం చేయించే పీట మీదికి, మళ్లీ కుర్చీలోకి, మళ్లీ మంచం మీదికి. మరుగుదొడ్డి గుమ్మం ఇరుకు, దాని ముందు జానెడు మెట్టు. చక్రాల కుర్చీ ఆ మెట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. అద్దె ఇల్లు, గోడ మీద గీత పడినా యజమాని ఊరుకోడు.

"నేను కట్టుంటే మూడడుగుల గుమ్మం పెట్టేవాణ్ణే" అనేవాడు ఆమె మెడ చుట్టూ చేతులు వేసుకుని వేలాడుతూ.

"ముందు నోరు కట్టుకో. ఊపిరి తియ్యనీ" అనేది ఆమె.

అతను తాపీమేస్త్రి. మూడేళ్ల కింద పరంజా మీంచి పడ్డాడు. నడుము కింది భాగమంతా చచ్చుబడి, చేతులూ నోరూ మిగిలాయి. ఆమె బట్టల ఫ్యాక్టరీలో రోజుకు ఎనిమిది గంటలు నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. అక్కడ అందరికీ ఆమె ఇస్త్రీ అక్క. పిల్లల్లేరు. ఉన్న బంధువల్లా మేస్త్రి అక్కగారు, అంటే ఆమెకు ఆడపడుచు. ఆవిడ నెలకోసారి వచ్చి, అరగంట కూర్చుని, పది సలహాలు ఇచ్చి వెళ్తుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఒకరోజు పొద్దున్న మేస్త్రిని కుర్చీలోకి దించబోతుంటే ఆమె నడుములో ఏదో పట్టేసింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది. అతను సగం కుర్చీలో, సగం గాల్లో. పడిపోకుండా కిటికీ ఊచ పట్టుకున్నాడు. పది నిమిషాలు ఇద్దరూ అలాగే ఉన్నారు.

"మనిద్దరికీ కలిపి ఒక్క నడుమైనా సరిగ్గా లేదే" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి కాలి మడమ దాకా పాకింది.

ఆ నెల ఆడపడుచు సలహా ఒక్కటే. ఊరి చివర దిక్కులేని రోగుల్ని ఉంచుకునే ఇల్లు ఉంది, అక్కడ చేర్పించమని. "నువ్వు కూడా పడిపోతే వాణ్ణి ఎవరు చూస్తారమ్మాయ్? నాకు చేతకాదు, ముందే చెప్తున్నా."

మేస్త్రి ఆ ఇల్లు ఎరుగును. తనతో పనిచేసిన ఒక కూలీని అక్కడ చేర్చారు. నడిచే రోజుల్లో ఒకసారి చూసి వచ్చాడు. వరసగా మంచాలు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎవరో వచ్చి తిప్పి పడుకోబెడతారు, మధ్యలో ఈగలు. ఆ రోజు ఇంటికొచ్చి అతను ఒక్క మాట మాట్లాడలేదు. అందుకే ఆడపడుచు వెళ్లిపోయాక ఆమె అంది, "నా నడుం ఆడినన్నాళ్లూ నువ్వు ఈ ఇంట్లోనే ఉంటావు."

అన్న మాట నిలబడాలంటే నడుం నిలబడాలి. శనివారం ధర్మాసుపత్రికి వెళ్లింది. అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి చిన్నదే గాని పని తెలిసినది. నొక్కి చూసింది, వంచి చూసింది, ఎలా ఎత్తుతున్నావో కళ్లతో చూడాలని ఒకరోజు ఇంటికే వచ్చింది. ఆమె మేస్త్రిని ఎత్తి చూపించింది. ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అక్కా, ఇలా ఎత్తితే ఇంకో ఏడాది కూడా రాదు నీ నడుం. డిస్కు ఇంకాస్త జరిగిందంటే ఆపరేషనే. ఆ తర్వాత బిందె కూడా ఎత్తలేవు."

"మరి ఏం చెయ్యమంటావమ్మా?"

"వ్యాయామాలు నేర్పిస్తాను. అలవాట్లు మార్చుకో. నీ నడుం గట్టిపడుతుంది, అనుమానం లేదు. కానీ ఒకటి చెప్తున్నా, వ్యాయామాలు నీ నడుముకే. ఆయన బరువుకు నా దగ్గర వ్యాయామం లేదు. ఇద్దరు ఎత్తాల్సిన బరువు అది."

ఆ రెండో మనిషి ఎక్కడ దొరుకుతుందో ఆ పిల్లకూ తెలియదు. మేస్త్రి మంచం మీంచి అంతా విన్నాడు. అంత మాటకు ఏదో ఒక వేళాకోళం ఆడకుండా ఊరుకోవడం అతని స్వభావం కాదు. ఆ రోజు ఊరుకున్నాడు. ఆమె గమనించలేదు.

మర్నాటి నుంచి తెల్లవారుజామునే మొదలైంది. నేల మీద చాప పరిచి వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు గుండెకు హత్తుకుని ముప్పై అంకెలు. తర్వాత రెండోది. మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి, నడుం పైకెత్తి పది అంకెలు. చేతులూ మోకాళ్లూ నేలకు ఆన్చి, పిల్లిలా వీపు పైకి వంచి, కిందికి దించి. లెక్కపెట్టే ఉద్యోగం మేస్త్రి పుచ్చుకున్నాడు.

"ఎనిమిది... తొమ్మిది... ఎడమ పక్కకి వాలింది. ఇలాంటి గోడ కట్టిన కూలీకి నేను రోజు కూలి ఇచ్చేవాణ్ణి కాదు."

"నువ్వు లెక్కపెట్టు చాలు."

అలవాట్లు కూడా మార్చుకుంది. మంచం మీంచి ఒక్క ఉదుటున లేవడం మానేసి, పక్కకు ఒత్తిగిలి, చెయ్యి ఊని లేచేది. కింద పడ్డది తియ్యాలంటే నడుం కాకుండా మోకాళ్లు వంచేది. ఇస్త్రీ బల్ల కింద ఒక ఇటుక పెట్టుకుని, దాని మీద ఒక పాదం, కాసేపటికి రెండో పాదం ఆన్చేది. ఆ ఉపాయం మేస్త్రిదే. మొగుణ్ణి ఎత్తేటప్పుడు రొమ్ముకు హత్తుకుని, పొట్ట బిగబట్టి, నడుం మెలితిప్పకుండా పాదాలే తిప్పుకుంటూ వెళ్లేది. ఇంటికొచ్చేటప్పుడు రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడిచేది.

రెండో నెలకే తేడా తెలిసింది. మూడో నెలకు కాలి లాగుడు పోయింది. నాలుగో నెలలో మేస్త్రిని ఒక్క ఊపులో ఎత్తేసి, తనే ఆశ్చర్యపోయింది. రోజుకు ఏడుసార్లు ఎత్తేది కాస్తా అయిదుకు తగ్గింది, మరుగుదొడ్డికి అతను అంతగా అడగడం లేదు. ఫ్యాక్టరీలో భోజనాల వేళ బట్టల మూటల మధ్య నలుగురైదుగురు ఆడవాళ్లను పడుకోబెట్టి మోకాళ్లు హత్తుకోవడం నేర్పించడం మొదలుపెట్టింది. ఇస్త్రీ అక్క పేరు పోయి నడుం టీచరమ్మ అయింది. ఆ పేరు ఆమెకు నచ్చింది. జీవితంలో ఆమెను ఎవరూ టీచరమ్మ అనలేదు.

ఇంటి దగ్గర కిటికీ బయట ఒక వీధికుక్క చేరింది. మొదట్లో ఎముకల గూడు, నాలుగో నెలకు గున్నలా తయారైంది.

"నా నడుంతో పాటు దీనికీ మంచి రోజులొచ్చాయి" అంది ఆమె.

"వీధిలో అందరూ పెడుతున్నారు" అన్నాడు మేస్త్రి. గెడ్డం పెంచాడు. గీసుకోవడానికి బద్ధకమన్నాడు. కాళ్లు పుల్లలయ్యాయి, అవి అలాగే అవుతాయని డాక్టర్లు మొదట్లోనే చెప్పారు. చొక్కా వదులైందంటే, ఉతికి ఉతికి నువ్వే సాగదీశావన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రోజూ చూసే కళ్లకు మనిషి చిక్కడం తెలియదంటారు. నిజమే. కానీ ఈమె రోజుకు మూడొందల చొక్కాలు ఇస్త్రీ చేసే మనిషి. కాలరు చూసి మెడ కొలత చెప్పగలదు. మొగుడి మెడకూ కాలరుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు ఏర్పడితే ఆమెకు తెలియలేదని చెబితే నేను నమ్మను. చూసింది. చూసి చూపు తిప్పుకుంది. పొద్దున్నే అతన్ని ఎత్తినప్పుడు నడుం కలుక్కుమనలేదు, ఆ సుఖం ముందు ఇంకేదీ ఆలోచించబుద్ధి కాలేదు. మూడేళ్లకు పైగా మోసినదానికి ఒక్క తేలికైన పొద్దు ఎంత రుచిగా ఉంటుందో గట్టు మీద కూర్చున్నవాళ్లకు తెలియదు.

అయిదో నెలలో మేస్త్రి పిరుదుల మధ్య ఎముక దగ్గర ఎర్రగా కమిలింది. వారానికి అది పుండైంది. ఆమె పక్కలు మార్చింది, మందు రాసింది, దూది పెట్టింది. పుండు పూడకపోగా లోతుకు దిగింది. ఒక సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఒళ్లు కాలిపోతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతున్నాడు.

ఆసుపత్రిలో ఇద్దరు వార్డు మనుషులు అతన్ని దుప్పటితో ఎత్తి తూకం మంచం మీద పెట్టారు. నలభై ఏడు కిలోలు. డాక్టరు కాగితం చూసి, మనిషిని చూసి, మళ్లీ కాగితం చూసి, ఆమె వైపు తిరిగాడు.

"ఇంట్లో ఈయనకి తిండి పెడుతున్నారా?"

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. డాక్టరు మళ్లీ అన్నాడు. "పుండు ఎందుకు మానట్లేదనుకున్నారు? మానడానికి ఒంట్లో ఏమీ లేదు. ఇది జబ్బు వల్ల రాలేదమ్మా, ఆకలి వల్ల వచ్చింది."

కబురందుకుని వచ్చిన ఆడపడుచు అక్కడే ఉంది. "కడుపు మాడ్చి చంపుతున్నావా నా తమ్ముణ్ణి? వద్దనుకుంటే అప్పుడే చెప్పొచ్చుగా, ఆ ఇంట్లో చేర్పించేదాన్ని" అంది. వార్డంతా తల తిప్పి చూసింది. పొద్దున్నే లేచి వండి, డబ్బా నిండా సర్ది, మంచం పక్కన పెట్టి వెళ్లిన రోజులన్నీ ఆమె కళ్ల ముందు ఉన్నాయి. సాయంత్రానికి డబ్బా ఖాళీగా ఉండేది. కడిగి బోర్లించేది.

"తనని అనకక్కా" అన్నాడు మేస్త్రి. గొంతు పీలగా ఉంది. "తను పెట్టింది. నేను కిటికీలోంచి కుక్కకి వేశాను."

"ఎందుకురా?"

అతను అక్క వైపు తిరగలేదు. పెళ్లాన్నే చూస్తూ చెప్పాడు. "దూలం బీట వేసింది. మార్చడానికి ఇంకో దూలం లేదు. అప్పుడేం చేస్తాం? పైన బరువు తగ్గిస్తాం. ఏ మేస్త్రయినా అంతే చేస్తాడు."

ఇరవై ఏళ్లు ఇళ్లు నిలబెట్టినవాడు. తన లెక్క తప్పనుకోలేదు, ఇప్పటికీ అనుకోవడం లేదని అతని మొహం చూస్తే తెలుస్తోంది. ఆమెకు అక్కడే అతని చెంప పగలగొట్టాలనిపించింది. అక్కడే అతని పక్కన పడుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. ఆడపడుచు బయటికి వెళ్లేదాకా ఆగి, మంచం అంచున కూర్చుంది.

"నేను కాలరు చూశాను" అంది.

అతను చేత్తో మెడ తడుముకున్నాడు.

"రెండు నెలల కిందే చూశాను. అడగలేదు. నువ్వు తేలికయ్యేకొద్దీ నాకు బాగుంది. ఆ ముండమోపి కుక్క కంటే నేనేం తక్కువ తినలేదు నీ తిండి."

"నీకు తెలియకూడదనేగా చేశాను."

"తెలిసింది. అది చెప్తున్నా."

ఇరవై రోజులు ఉంచుకున్నారు. చచ్చిన మాంసం కోసి తీశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. తింటే పుండు పూడుతుంది, తినకపోతే ఎముక దాకా వెళ్తుంది, వెళ్తే మనిషి దక్కడు. ఫిజియోథెరపీ అమ్మాయి కూడా వచ్చి చూసింది. ఆమె నడుం నొక్కి చూసి, వ్యాయామాలు ఒక్కరోజు కూడా మానొద్దంది. చాలా బాగైందని అనబోయి, మధ్యలో ఆగిపోయింది పాపం.

ఆమె మధ్యాహ్నం షిఫ్టుకు మారింది. పొద్దున భోజనం ఎదురుగా కూర్చుని తనే తినిపించి వెళ్తుంది. రాత్రికి తిరిగొచ్చి మళ్లీ తినిపిస్తుంది. డబ్బా పెట్టి వెళ్లడం లేదు. ఫ్యాక్టరీలో ఎవరికీ మోకాళ్లు హత్తుకోవడం నేర్పించడం లేదు. టీచరమ్మా అని పిలిస్తే పలకడం మానేసింది, వాళ్లే పాత పేరుకు వచ్చేశారు. తెల్లవారుజామున చాప మాత్రం పరుస్తుంది. అతను మంచం మీంచి లెక్కపెడతాడు. గోడలూ వంకర్లూ అనడం లేదు, ఉత్త అంకెలే.

ఆరో వారానికి పుండు అంచులు గులాబీ రంగులోకి వచ్చాయి. అతని చెంపలు కాస్త నిండాయి. ఏడో వారం ఒక పొద్దున్న అతన్ని స్టూలు మీంచి ఎత్తుతుంటే ఆమె నడుములో పాత చోటే కలుక్కుమంది. ఆమె పళ్లు బిగించింది, అరవలేదు. అడుగులు తిప్పుకుంటూ వచ్చి, కుర్చీలో దించి, గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. చాలాసేపటికి గాని కంచం తేలేకపోయింది.

మొదటి ముద్ద అతని నోట్లో పెట్టింది. అతను నమలలేదు. బుగ్గన పెట్టుకుని ఆమె మొహం చూస్తున్నాడు.

"నొప్పి వచ్చింది కదూ?" అన్నాడు.

లేదని చెప్పడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. అయిదు నెలలు ఈ ఇంట్లో ఇద్దరూ ఒకళ్లకొకళ్లు అదే చెప్పుకున్నారు.

"వచ్చింది" అంది. "బాగా నొప్పిగా ఉంది. కాలి దాకా లాగుతోంది. రేపు ఇంకా ఎక్కువ ఉంటుంది. మింగు."

అతని కళ్లలోంచి నీళ్లు గెడ్డంలోకి కారాయి. మింగడానికి చాలాసేపు పట్టింది. ఆమె రెండో ముద్ద పట్టుకుని, అతను నోరు తెరిచేదాకా కూర్చుంది.