ముఖం ఆమెది, గొంతు నాది

ఢాకాలో రిక్షాల వెనక కాజరి బొమ్మ కనిపించని సంవత్సరం నాకు గుర్తు లేదు. చెవుల దాకా సాగిన కళ్ళు, గులాల్ పూసినట్టు బుగ్గలు, పెదాల మీద ఓ నవ్వు. ఆ నవ్వు చూసిన ప్రతివాడికీ దాని వెంటే ఓ గొంతు వినిపించేది. ఆ గొంతు నాది. ముఖం ఆమెది, గొంతు నాది, ఇద్దరం కలిస్తే ఒక హీరోయిన్. ఈవిడ గొప్పలు పోతోంది అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నేను పాత ఢాకాలో పుట్టినదాన్ని, గొప్పలు చెప్పుకోనివాళ్ళని మా వీధిలో పలకరించరు కూడా.

నా పేరు జెబున్నిసా. రేడియో నాటకాల్లో రాణి దగ్గర్నుంచి రాక్షసి దాకా అన్నీ వేశాను. ఓ రోజు సినిమావాళ్ళు పిలిచి, తేజ్‌గావ్ స్టూడియోలో ఓ చీకటి గదిలో నిలబెట్టి, తెర మీద బొమ్మ పెదాలు కదిలినప్పుడల్లా మాట్లాడమన్నారు. ఆ మొదటి బొమ్మే కాజరి.

కాజరి అన్నది సినిమా పేరు. ఇంట్లో పెట్టుకున్న పేరు మైనా. బరిశాల్ అవతల, కాలువలు తప్ప దారుల్లేని ఊళ్ళో పుట్టింది. తండ్రి పడవలో కొబ్బరికాయలు అమ్మేవాడు. పదహారేళ్ళ వయసులో మేనమామతో లాంచీ ఎక్కి ఢాకా వచ్చింది. తఫజ్జుల్ సాహెబ్ అని సొంత డబ్బుతో సినిమాలు తీసి, సొంతంగా రాసి, డైరెక్షన్ కూడా సొంతంగానే చేసుకునే పెద్దమనిషి ఉండేవాడు. ఆయన మైనా ముఖం చూసి మురిసిపోయాడు. నోరు తెరిచాక తల పట్టుకున్నాడు. వేషమేమో జమీందారు కూతురు. పట్టుచీర కట్టుకుని మేడమెట్లు దిగివచ్చి, "ఏటి బాబూ, ఎవుల కోసం సూస్తన్నావు?" అందట. లైట్లు పట్టుకున్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక లైట్లు కదిపేశారు. బరిశాల్ యాస వింటే చాలు, ఢాకావాళ్ళకి ఎక్కడలేని నవ్వూ వస్తుంది. అందుకని సాహెబ్ ఆమెకి పేరు మార్చి కాజరిని చేశాడు, గొంతు మార్చి నన్ను తెచ్చాడు.

అలాంటప్పుడు ఏ పిల్లైనా నా మీద మండిపడాలి. ఈ పిల్ల మాత్రం డబ్బింగ్ రోజున పని లేకపోయినా వచ్చి నా పక్కన కూర్చునేది. పుల్లటి ఆమ్డా కాయలు కోసి ఉప్పూకారం అద్దుకు తింటూ, తెర మీద తను మాట్లాడుతుంటే కళ్ళు పెద్దవి చేసుకుని చూసేది. "ఆపా, నాను ఎంత బాగా మాట్లాడతన్నానో" అని నన్నే మెచ్చుకునేది. ఆపా అంటే అక్క. నాకా నోరూరేది. మైకు ముందు పులుపు తింటే గొంతు పాడవుతుందని తిట్టి, పని అయ్యాక ఆ కాయలన్నీ లాక్కుని తినేదాన్ని. అలా మొదలైంది మా స్నేహం.

సినిమా తరవాత సినిమా ఆడింది. కాజరి ఏడిస్తే ఆడవాళ్ళ కొంగులు తడిశాయి, నవ్వితే మగవాళ్ళు మళ్ళీ టిక్కెట్టు కొన్నారు. ఆమె కట్టిన చీరల పేరు చెప్పి కొట్లవాళ్ళు బాగుపడ్డారు. దేశంలో ఆమెని చూడని మనిషి లేడన్నారు. ఒక్కరు ఉన్నారు, ఆమె కన్నతల్లి.

మైనా మొదటి సినిమా వచ్చేసరికే ఆవిడకి చూపు పోయింది. అయినా చుట్టాలు ముచ్చటపడి పడవలో బరిశాల్ తీసుకెళ్ళి హాల్లో కూర్చోబెట్టారు. ఇంటికి తిరిగొచ్చి ఆవిడ అన్న మాట మైనా నాకు మొదటిసారి నవ్వుతూ చెప్పింది: "ఆట అయిపోయినదాకా కూకున్నాను, నా పిల్ల రానేదు."

మరో నాలుగైదు సినిమాలు వచ్చాక ఆ మాటే మళ్ళీ చెప్పింది. ఈసారి నవ్వలేదు. ప్రతి సినిమాకీ ఆవిడ పోతూనే ఉందట, కూతురు ఇందులోనైనా వస్తుందేమోనని.

"దేశమంతా సూసింది నన్ను" అంది. "అమ్మ సూణ్ణేదు, సరే, అది దేవుడి పని. ఇనడానికైనా నాను ఒక్క సినిమాలో ఉండాలి కదా ఆపా."

నేను మాట మార్చి టీ తెప్పించాను.

ఆ ఏడు ఈద్‌కి నన్ను కూడా వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. తెల్లవారేసరికి లాంచీ బరిశాల్ చేరింది, అక్కణ్ణుంచి పడవ. వాళ్ళమ్మ అరుగు మీద కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. ఖాలా అని, అంటే పిన్నీ అని, వరస కలిపి సలాం చెప్పానో లేదో, ఆవిడ చేతిలో ఆకులన్నీ జారిపోయాయి.

"ఈ గొంతు సినిమా పిల్లది కదేటి?" అంది.

ఇంక చూడండి. నన్ను లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. బుగ్గలు తడిమింది, జడ తడిమింది, కాస్త ఒళ్ళు చేశావంది. ఇరుగుపొరుగు వాళ్ళందరినీ కేకేసి మా ఇంటికి హీరోయిన్ వచ్చిందని చెప్పింది. అసలు హీరోయిన్ గుమ్మంలో సంచులు పట్టుకుని నిలబడి ఉంది. భోజనాల దగ్గర హిల్సా చేపలో గుడ్లున్న ముక్క నా కంచంలో పడింది, తోక మైనా కంచంలో పడింది.

"సినిమాలో ఆ జమీందారు కొడుకుని ఎందుకు నమ్మేవు మనూ?" అని నన్ను నిలదీసింది ఖాలా. "ఆడు మంచోడు కాడని నాకు మొదట్నే తెలుసు. హాల్లో కూకుని నీకు సెప్పేను కూడా. నువ్వు ఇన్నేదు."

మనూ అన్నది బరిశాల్‌లో పెద్దవాళ్ళు మురిపెంగా పిల్లల్ని పిలిచే పిలుపు. నా నలభై ఏళ్ళ వయసులో నన్నలా పిలిచినవాళ్ళు లేరు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు బ్రహ్మానందంగా ఉంది. ఖాలా అంతటితో ఆగలేదు. కూతురి వైపు తిరిగి, "సూడు మైనా, మాటంటే అలాగుండాలి, నేర్సుకో" అంది.

మైనా పొలమారేదాకా నవ్వింది. మంచినీళ్ళకని లేచి పెరట్లోకి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళి చూస్తే చెరువుగట్టున కూర్చుని ముఖం కడుక్కుంటోంది, కడిగిందే కడుగుతోంది. నన్ను చూసి, వచ్చే సినిమాలో తన మాటలు తనే చెప్పుకుంటానంది.

అదృష్టమో ఏమో, తఫజ్జుల్ సాహెబ్ తరవాతి కథ బరిశాల్ పడవవాడి కూతురిది. ఇంకేం, ఈ యాసే కదా కావలసింది అని మైనా ఆయన దగ్గరికి పరిగెత్తింది. ఆయన కుదరదన్నాడు. కాజరి గొంతు ఎలా ఉంటుందో జనానికి తెలుసు, ఇప్పుడు మారిస్తే కుర్చీలు విరగ్గొడతారు, బరిశాల్ యాస కూడా జెబూయే పలుకుతుంది అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కొంచెం, మైనా మీద ఎక్కువ. ఆమె అడిగింది న్యాయమేనని తెలుసు. కానీ ఆ గొంతు కూడా పోతే నేనెవర్ని? ఏ రిక్షా వెనకా నా బొమ్మ లేదు. ఆ మాటే ముఖం మీద అడిగేశాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "నీ గొంతు నాకెందుకు ఆపా? నాది నాకు కావాలి, అంతే" అంది. దాంతో మరీ ఒళ్ళు మండింది, అంత మంచిగా చెబితే పోట్లాడేదెలాగ?

డబ్బింగ్ రోజు వచ్చింది. వరదలో విడిపోయిన కూతురు చాలా కాలానికి పడవలో ఊరికి తిరిగొస్తుంది. అవతలి ఒడ్డున తల్లి గుడిసె కనిపిస్తుంది. నది మీదనుంచే కేక వెయ్యాలి. మాటలు సాహెబ్ సొంతంగా రాశాడు. బరిశాల్‌వాళ్ళు మాటకి ముందు మనూ అంటారని ఆయన ఎక్కడో విన్నాడు. మైకు ముందు నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి, "ఓ మనూ, నేనొచ్చేశాను" అని అరిచాను.

వెనక ధబ్బుమని చప్పుడైంది. మైనా నవ్వుతూ నవ్వుతూ కుర్చీలోంచి కింద పడింది.

"కన్నతల్లిని పట్టుకుని చంటిదానా అని పిలుస్తారేటి ఎవులైనా?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

సాహెబ్ ముఖం మాడ్చుకుని, మరి మీ ఊళ్ళో ఎలా పిలుస్తారో చెప్పమన్నాడు. మైనా లేచి చీర సర్దుకుని మైకు దగ్గరకొచ్చింది. తెర మీద నది ఉంది, అవతల గుడిసె ఉంది. చిన్నప్పుడు తండ్రి కొబ్బరి పడవలో వస్తూ కాలువ మలుపు తిరగగానే తల్లిని ఎలా పిలిచేదో అలాగే, రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని పిలిచింది.

"ఓ మా... నానొచ్చీసినా..."

ఆ గొంతులో అందం ఏమీ లేదు. కాస్త బొంగురుగా కూడా ఉంది. కానీ అవతలి ఒడ్డుకి వినపడి తీరుతుందని నాకనిపించింది.

సాహెబ్ గొంతు సవరించుకుని, "బాగుంది. జెబూ, నువ్వూ అలాగే అను" అన్నాడు.

మైనా మైకు ముందు నుంచి తప్పుకుంది. నాకు చోటిచ్చింది. నేను ముందుకు వెళ్ళలేదు.

"సాహెబ్, నాది గదిలో మాట్లాడే గొంతు, నది దాటదు" అన్నాను. "ఆ కేక అలాగే ఉంచండి. కేకలో గొంతు ఎవరిదో ఎవడు కనిపెడతాడు? మిగతా సినిమా అంతా నేను చెబుతా."

ఆయన చాలాసేపు గొణిగి, ఆ ఒక్క కేకకి ఒప్పుకున్నాడు.

బరిశాల్‌లో మొదటి ఆటకి వెళ్ళాం. జనం మీద పడకుండా నేనూ మైనా బురఖాలు వేసుకున్నాం. ఖాలాని మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. సినిమాలో ఏం ఉందో ఆవిడకి చెప్పొద్దని మైనా నాతో ఒట్టు వేయించుకుంది. తెర మీద నా గొంతు వినగానే ఖాలా నా మోచెయ్యి గిల్లి, "అక్కడా మాట్లాడతన్నావు, ఇక్కడా కూకున్నావు, ఎలాగే మనూ?" అని అడిగింది. ముందువరస వాళ్ళు ఉష్ అన్నారు. మైనా మాత్రం బురఖా అంచు వేలికి చుట్టుకుంటూ తెర వైపే చూస్తోంది.

నది వచ్చింది. హాల్లో తెడ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. తరవాత ఆ కేక.

"ఓ మా... నానొచ్చీసినా..."

నా పక్కన కుర్చీ కిర్రుమంది. ఖాలా నిలబడిపోయింది.

"ఆఁ, వత్తన్నానే మనూ" అని అంతే గట్టిగా పలికింది. "బురదకాళ్ళతో లోనికి రాకు. కాళ్ళు కడుక్కుని రా."

అని, చేతులు చాపుకుని తెర వైపు నడవడం మొదలుపెట్టింది. ఎవరో ఒకడు నవ్వబోయి ఆగిపోయాడు. మైనా ముసుగు లాగి పారేసి, వెనకనుంచి వెళ్ళి తల్లిని చుట్టేసుకుంది. నానిక్కడున్నానమ్మా అని చెవిలో చెప్పింది. ఖాలా ఆమె ముఖమంతా తడిమి, "ఇన్ని సినిమాలు అయిపోయినాక వచ్చేవేటి?" అని దెబ్బలాడింది.

కాజరిని గుర్తుపట్టి హాలు హాలంతా లేచింది. ఆపరేటరు బొమ్మ ఆపేశాడు. జనం ఊరుకుంటారా, ఆ సీను మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేశారు, మళ్ళీ ఖాలా పలికింది. మూడోసారికి తెర మీద కూతురు పిలవగానే కాళ్ళు కడుక్కుని రా అని బరిశాల్ మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. నేనూ అరిచాను. ఏడుస్తూ అరిచాను, నవ్వుతూ అరిచాను, పక్కనున్న ముక్కూ మొహం తెలియనావిడ నన్ను వాటేసుకుంది.

వారం తిరక్కుండా ఆ అరుపు ఢాకా హాళ్ళకి పాకింది. రిక్షావాళ్ళు బొమ్మ కింద ఆ మాట రాయించుకున్నారు. ఆ ఆలోచన మొదట్నుంచీ తనదేనని తఫజ్జుల్ సాహెబ్ ఊరంతా చెప్పుకున్నాడు. కుర్చీలు విరగలేదు సరికదా, ఆ కేక వేసిన గొంతు సినిమా అంతా ఎందుకు లేదని జనం ఉత్తరాలు రాశారు. తరవాతి సినిమాలో మైనా తన మాటలన్నీ తనే చెప్పింది. దానికే జాతీయ బహుమతి వచ్చింది. ఇప్పటికీ ఆమెని ఏ సభకి పిలిచినా వేదిక ఎక్కేముందు జనం కాళ్ళు కడుక్కున్నావా అని అడుగుతారు.

మరి నేనేమయ్యానంటారా? ఆ తరవాతి సినిమాలో మైనాకి తల్లి వేషం వేసినావిడ కొత్త మనిషి, మాట బొత్తిగా పలకదు. మైనా సాహెబ్ దగ్గరికి వెళ్ళి, నా తల్లి జెబు ఆపా గొంతుతో పలకకపోతే నేను పిలవనని కూర్చుంది. నేను ఖాలా దగ్గర నెలరోజులుండి ఆ యాస నేర్చుకున్నాను. కానుపులు కాకుండానే తల్లినయ్యాను, అప్పట్నుంచి ఢాకా సినిమా తల్లుల్లో సగం మంది నేనే.

ఆ సినిమాకి కూడా ఖాలా మా ఇద్దరి మధ్యే కూర్చుంది. తెర మీద కూతురు దూరం నుంచి పిలిచింది. ఖాలా పలకబోయి నోరు తెరిచింది. ఈలోగా తెర మీద తల్లి పలికింది, "ఆఁ, వత్తన్నానే మనూ" అని, నా గొంతుతో.

ఖాలా వెనక్కి ఆనుకుని సర్దుకు కూర్చుంది. అటో చెయ్యి, ఇటో చెయ్యి వేసి మమ్మల్నిద్దర్నీ పట్టుకుంది.

"ఇప్పుడు ఇద్దరూ వచ్చేరు" అంది.