టార్పాలిన్ పరచని పూట

వర్తూరు దాటాక ఉన్న ఒక చిన్న చెరువులో పడవలు తిప్పే క్లబ్బుకు సొన్నప్ప మేస్త్రీ. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న కుటుంబం. మాట కటువు, పని శుభ్రం. పడవలు కడగడంలో ఆయన పట్టుదల మరీ విపరీతం. పడవను నీళ్ళలో ఉంచి కడగకూడదు. ఒడ్డుకు లాగి, టార్పాలిన్ పరిచి, దాని మీద బోర్లించి, అడుగున పట్టిన పాచిని చెక్కముక్కతో గీకి, కొబ్బరిపీచుతో తోమాలి. గీకిన చెత్త బస్తాలోకి, కడిగిన నీళ్ళు డ్రమ్ములోకి. "ఒక చుక్క చెరువులోకి పోయినా చేపలు చస్తాయి" అని పొద్దున లేస్తే అదే పాట.

ఆ పాటను మనసారా నమ్మిన మనిషి జ్యోతి. కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చి, బిల్డింగుల దగ్గర ఇటుకలు మోసి మోసి, చివరికి ఇక్కడ కుదిరింది. నీడపట్టున పని దొరికిందని మురిసిపోయింది. సొన్నప్ప ఎలా చెబితే అలా చేసేది.

అలాంటి సొన్నప్పే గడ్డి తిన్నాడు.

ఆయుధపూజ దగ్గర పడింది. ఆ రోజు పడవలకు పసుపుకుంకుమలు పెట్టి, దండలు వేసి, ఎవరి పనిముట్టు వాళ్ళు తెచ్చి దేవుడి పటం ముందు వరసగా పెడతారు. మేనేజరు దీపక్ వచ్చి, "సొన్నప్పన్నా, పూజకి ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒక కంపెనీ వాళ్ళు ఫ్యామిలీస్‌తో వస్తున్నారు. బోట్లన్నీ వైట్‌గా మెరిసిపోవాలి" అని హుకుం వేసి పోయాడు.

పడవల నడుముకు పట్టిన గోధుమరంగు మరక పీచుకు లొంగే రకం కాదు. జ్యోతి ఆ మధ్యాహ్నం పిల్లకు జ్వరమని ఇంటికి వెళ్ళిపోయింది. సొన్నప్పకు నడుం పట్టేసింది. టార్పాలిన్ వైపు చూస్తేనే విసుగు పుట్టింది. బాత్‌రూములు కడిగే యాసిడ్ డబ్బాలు తెచ్చి, పడవల్ని గట్టు మూల నీళ్ళలోనే ఉంచి, పోసి తోమేశాడు. మరక ఇట్టే వదిలింది. ఇంత చెరువులో ఈ కాస్త ఏపాటి అనుకున్నాడు. ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకున్నాడు కూడా, మహానుభావుడు.

మర్నాడు వచ్చేసరికి గట్టు మూల చేపపిల్లలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. సొన్నప్పకు నిన్నటి యాసిడ్ గుర్తొచ్చింది. అంతలో జ్యోతి వచ్చి చూసి, డ్రమ్ము దగ్గరికి పరుగెత్తి, అక్కడే కూలబడింది.

"అన్నా, నా వల్లనే! డ్రమ్ముకు నెర్ర పడిండాది. జ్వరం జ్వరమని చూసుకోకుండా పోతిని. నీళ్ళన్నీ కారి చెరువులోకి పోయిండాయి."

డ్రమ్ములో ఉన్నవి వట్టి పాచి నీళ్ళు. వాటికి చేప కాదు కదా, దోమ కూడా చావదు. ఆ సంగతి సొన్నప్పకు తెలుసు. కానీ చుక్క పోతే చేపలు చస్తాయని ఆమెకు నూరిపోసింది ఎవరు? నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. వచ్చిన మాట వేరు.

"పోనీలేమ్మా. తప్పు ఎవరైనా చేస్తారు" అంటూ ఆమె తల నిమిరాడు.

"నువ్వు దేవుని మాదిరి ఉండావన్నా" అని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. తరవాత ఎవరూ అడగకుండానే దీపక్ దగ్గరికి పోయి నేరం ఒప్పేసుకుంది. "పూజ అయ్యాక ఆమెను ఇంక రావద్దని చెప్పండి" అన్నాడు దీపక్ సొన్నప్పతో. సొన్నప్ప తల ఊపాడు. ఆ పూట అన్నం క్యారియర్ మూత కూడా తీయలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా దీపక్‌కు నిజం చెప్పలేదు.

పూజ రోజు పడవలు దండలేసుకుని తెల్లగా మెరుస్తున్నాయి. అతిథులు ఫోటోలు తీసుకుంటున్నారు. అందరూ పనిముట్లు తెచ్చి పెట్టారు. జ్యోతి మాత్రం తాను పడవలు తోమే కొబ్బరిపీచు బ్రష్షు కొంగు చాటున పట్టుకుని దూరంగా నిలబడింది.

"పెట్టమ్మా" అన్నాడు సొన్నప్ప.

"నేను పెట్టనన్నా. చంపిన చేతులతో ఏం పూజ? రేపట్నుంచి మళ్ళా ఇటుకలకే పోతాను."

ఇక ఆయన వల్ల కాలేదు.

"ఆ యమ్మ తప్పేమీ లేదప్పా!" అని అందరికీ వినబడేలా అరిచాడు. "యాసిడ్ పోసి కడిగింది నేను. చేపల్ని చంపింది నేను. పంపిస్తే నన్ను పంపించండి."

దీపక్ ముఖం మాడిపోయింది. అతిథులు ఫోన్లు దించారు. సొన్నప్పకు మాత్రం గుండెల మీది బరువు దిగినట్టయింది. ఇప్పటికైనా చెప్పానని లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది. జ్యోతి చల్లబడుతుందనీ, ఒక మంచి మాట అంటుందనీ చూశాడు.

ఆమె దగ్గరికి వచ్చింది. "ఆ పొద్దు నేను ఏడుస్తా ఉన్నప్పుడు, నీకు ఇది తెలుసునా అన్నా?"

"తెలుసమ్మా."

"తెలిసీ నా తల నిమిరితివి. అంత పని చేసేదానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చె?"

జ్యోతి తన బ్రష్షును పనిముట్ల వరసలో పెట్టి, ఆయన వైపు చూడకుండా హారతి కళ్ళకద్దుకుంది.